ఫ్రేజల్ వెర్బ్స్ గుర్తుండాలంటే ఎలా చదవాలి?

అందరికీ నమస్కారం. డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఆఫీసులో కాల్స్ అన్నీ ఇంగ్లిష్‌లోనే. గ్రామర్‌తో పెద్ద ఇబ్బంది లేదు గానీ ఫ్రేజల్ వెర్బ్స్ (వెర్బ్ పక్కన ఆఫ్, అవుట్ లాంటి చిన్న పదం చేరి అర్థమే మారిపోయేవి) దగ్గరే బుర్ర వేడెక్కుతోంది. 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం, 'పుట్ అవుట్' అంటే మంట ఆర్పడం, 'పుట్ అప్ విత్' అంటే భరించడం. లిస్టు బట్టీ పడితే మూడూ కలగాపులగం అయిపోతున్నాయి. ఇంకో తిరకాసు ఏంటంటే, 'టర్న్ ఇట్ ఆఫ్' అనాలట, 'టర్న్ ఆఫ్ ఇట్' తప్పట. 'లుక్ ఆఫ్టర్ ఇట్' మాత్రం విడదీయకూడదట! ఏది విడిపోతుందో ముందే తెలిసేదెలా?

వెర్బ్ వారీగా నేర్చుకోవాలా, అప్, ఆఫ్, అవుట్ వారీగానా, లేక ప్రయాణం, ఆఫీసు అంటూ సందర్భాల వారీగానా? యాప్‌ల పేర్లు వద్దండీ, మీకు నిజంగా పనిచేసిన పద్ధతేంటో చెప్పండి.