గవాచి అంటే కిటికీయేనా?

మొన్న ఆదివారం ఫోన్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి మా ఊరికి పోయాను. జమ్మలమడుగు దగ్గర చిన్న పల్లె. గండికోట కింద పెన్న కొండను చీల్చుకుని పోయే లోయ దొరికితే చాలు, ఏటెంబడి తూర్పుకు వేలు జరుపుతూ పోతే మా ఊరు వచ్చేస్తుంది. ఇల్లు కనుక్కోవడానికే అరగంట పట్టింది. మాకు గుర్తుండే ఇల్లంటే వాకిలి, అరుగు, ఎద్దుల కొట్టం. పైనుంచి చూస్తే అవేవీ లేవు. బూడిదరంగు చదరాలు, ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని. మా చదరం నడుమ ఒక నల్లచుక్క ఉంది. "అదిగో గవాచి!" అని అరిచాను.

పక్కనున్న మా పాప బెంగళూరులో పుట్టి పెరిగింది. గవాచి అంటే ఏంది నాన్నా అనింది. చెప్పబోయి ఎందుకైనా మంచిదని నిఘంటువు చూశాను. గవాక్షం అంటే కిటికీ అని ఉంది. నాకు తెలిసిన గవాచి కిటికీ కాదు. అది గోడకు ఉండదు, మిద్దెకు ఉంటుంది.

చూడనివాళ్ల కోసం చెబుతాను. మా వైపు మట్టిమిద్దెకు రాతిగోడలు, వాటిమీద దూలాలు, దూలాల మీద దంతెలు (సన్న అడ్డకర్రలు), దంతెల మీద నాపబండలు పరుస్తారు. బండలు కొనలేనివాళ్లు కట్టెలు పరుస్తారు. ఆపైన జానెడు మందాన మట్టి, దానిమీద చౌడు. చౌడులో గడ్డి మొలవదు, తడిస్తే బిగుసుకుని నీళ్లను కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోయకపోతే ఇల్లంతా ఉరుస్తుంది, ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ చుక్కల కింద పెట్టాల్సిందే. ఆ కప్పులో వంటింటి పైన అడుగు వెడల్పున ఒక కంత వదులుతారు. పొగ పోవడానికి, వెలుతురు రావడానికి. చుట్టూ అడుగు పగిలిన కుండనో, నాలుగు రాళ్లనో కట్టగా పెడతారు. వాన వస్తే ఎవరో ఒకరు నిచ్చెనెక్కి దానిమీద బండ మూయాలి. అదీ గవాచి.

ఎండాకాలం మధ్యాహ్నాలు మేం మిద్దె మీద బోర్లా పడుకుని గవాచిలో తల పెట్టేవాళ్లం. కింద సంగటి గెలికే తెడ్డు, దానిపైన అవ్వ నడినెత్తి కనిపించేవి. అవ్వ పాపిట అంత తెల్లగా ఉంటుందని నాకు అక్కడినుంచే తెలిసింది. పైనుంచి మట్టి రాలితే "సంగట్లో దుమ్ము పడుతాంది, లేయండ్రా నా సవతుల్లారా" అని అరిచేది. మేం మగపిల్లలమైనా సవతులమే ఆమెకు.

ఇంతకీ ఈ గ్రూపులో ఉన్న మీ అందరికీ నా ప్రశ్న: పుస్తకాల్లో గోడకుండే గవాక్షం మా ఊళ్లో మిద్దెకెలా ఎక్కింది? మీ వైపు దీన్నేమంటారు?

ఆదోని పంతులమ్మ:
మాట పుట్టుక సులభమే అన్నా. గో, అక్షి. ఆవు కన్ను. మామూలు సంధి అయితే ‘గో’ తర్వాత ఇట్లా ‘గవా’ రాదు. అందుకు పాణిని ‘అవఙ్ స్ఫోటాయనస్య’ అని ఒక సూత్రమే పెట్టినాడు. అమరకోశంలో ‘వాతాయనం గవాక్షః’ అని రెండూ పక్కపక్కనే ఉంటాయి. గాలికి దారి వాతాయనం, ఆవు కంటిలాగా గుండ్రంగా ఉండేది గవాక్షం. ఇంగ్లీషు విండో కూడా పాత నార్స్ భాషలో ‘గాలి కన్ను’ అనే మాటే. ఫ్రెంచి వాళ్లు గుండ్రటి కిటికీని ‘ఎద్దు కన్ను’ అంటారు. లక్ష్మి లచ్చి అయినట్టు, కక్ష కచ్చ అయినట్టు గవాక్షి గవాచి అయింది. ఒత్తెందుకు పోయిందంటే, ముందు ‘వా’ దీర్ఘం ఉంది కదా, నాలుక అక్కడే అలిసిపోయింటుంది (ఇది నా సొంత వ్యాకరణం, పరీక్షలో రాయొద్దండి). నాకు తోచింది ఇంకొకటి. మీ గవాచే అసలు అర్థానికి దగ్గర. చతురస్రంగా ఊచలున్న కిటికీకి ఆవు కన్ను పోలికే లేదు.

హిందూపురం నుంచి:
మా ఇళ్లలో సగం కన్నడ. మిద్దెను మాళిగె అంటాం. మీ గవాచిని పెద్దవాళ్లు బెళకిండి అనేవారు. బెళకు అంటే వెలుగు, కిండి అంటే కంత. ఉడుపిలో కనకదాసు కృష్ణుణ్ణి చూశాడని చెప్పే కనకన కిండి ఉంది చూడండి, అదే కిండి. కన్నడంలో గవాక్షి అని కూడా వాడతారు. కాబట్టి మాట సంస్కృతం నుంచి నేరుగా మీ ఇంటికి దిగిందో, మా మీదుగా వచ్చిందో తేల్చడం కష్టం.

గుంటూరు అల్లుడు (అత్తగారిది ప్రొద్దుటూరు):
మా వైపు పెంకుటిళ్లు కాబట్టి వంటింటి పైన ఒక గాజు పెంకు పెట్టేవాళ్లు, వెలుతురు కోసం. దానికి వేరే పేరేం లేదు, గాజు పెంకే. మొదటిసారి అత్తగారింట్లో కప్పుకు కంత చూసి ఇదేంటి ఇల్లు పూర్తి కాలేదా అన్నాను. ఇరవై ఏళ్లయింది, ఇప్పటికీ పండక్కి పోతే మా బావమరిది "ఏం బావా, మా ఇల్లు పూర్తయిందా" అంటాడు. అయినా వాన లోపలికి పడేలా ఇల్లు కట్టుకోవడం ఏంటండీ?

నేను:
వాన ఎక్కడ పడింది బావా మాకు! మా పక్క జిల్లా అనంతపురంలో ఏడాది మొత్తానికి కురిసేది 550 మిల్లీమీటర్ల దరిదాపు. ఏడాదికి పట్టుమని ముప్పై నలభై రోజులు బండ మూస్తే సరిపోతుంది. మిగతా రోజులన్నీ వెలుతురే లెక్క. పంతులమ్మగారూ, మిద్దెకెలా ఎక్కిందో నాకు ఇప్పుడు తోస్తోంది. మా వీధిలో రెండిళ్లకు నడుమ గోడ ఒకటే. రెండడుగుల మందం. పక్కకు కిటికీ పెడితే ఎదుటివాళ్ల వంటింట్లోకి చూడాలి. ముందు వాకిలి, వెనక దొడ్డి తలుపు పోతే కన్ను పెట్టుకోవడానికి మిగిలింది పైకప్పే.

కర్నూలు పాతబస్తీ:
పైనుంచి చూడటం అంటున్నారు కాబట్టి చెబుతున్నా. ఈ గ్రూపులో ఎవరో ‘విహంగ వీక్షణం’ మంచి తెలుగు మాట అని రాశారు ఆమధ్య. నాకు ఆ మాట వింటే 2009 అక్టోబరు 2 గుర్తొస్తుంది. తుంగభద్ర, హంద్రి రెండూ ఊళ్లోకి వచ్చాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైన వరద వచ్చిన రోజులు అవి. మేం పదకొండు మందిమి, ఒక మేక, రెండు రాత్రులు మిద్దె మీద. హెలికాప్టర్ పైన తిరిగింది. తర్వాత పేపర్లలో ‘విహంగ వీక్షణం’ అని వేశారు. విహంగానికి ఏం కనిపించి ఉంటుంది? పిట్టగోడలు. ఇల్లు నీళ్లలో, మేం పిట్టగోడ మీద. పిట్టగోడ అనే మాట ఎవరు పెట్టారో గానీ ఆ రెండు రోజులు మేం పిట్టలమే. మామూలు రోజుల్లో ఊరిని పైనుంచి చూడాలంటే కొండారెడ్డి బురుజు ఎక్కుతాం, దానికి సంస్కృతం అక్కర్లేదు. ‘బురుజెక్కి చూస్తే’ అంటే చాలు.

పటాల పని చేసేవాణ్ణి, తాడిపత్రి:
అన్నా, మీ సంబరం చెడగొడుతున్నందుకు ఏమనుకోవద్దు. గూగుల్ ఎర్త్‌లో కనిపించే మంచి ఉపగ్రహ చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద ముప్పై నుంచి యాభై సెంటీమీటర్లు. మీ గవాచి అడుగు వెడల్పు అన్నారు. అంటే ఒకే ఒక్క చుక్క, అదీ పక్క చుక్కల్లో కలిసిపోతుంది. మీకు అంత స్పష్టంగా గుండ్రంగా కనిపించింది అంటే అది మీటరు పైనే ఉంటుంది. నల్లగా, గుండ్రంగా, మిద్దె మీద మీటరు వెడల్పు. నీళ్ల ట్యాంకు అన్నా అది! నీడ చూడండి. ఇట్లాంటి ఉపగ్రహాలు ఎక్కువగా పొద్దున పదిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతాయి, నీడ పడమటి వైపు పడాలి. కంతకైతే బయటికి నీడ ఉండదు.

నేను:
చూశాను. నీడ ఉంది. పడమటి వైపే.

నమ్మబుద్ధి కాక అమ్మకు ఫోన్ చేశాను. "గవాచా? నువ్వు ఇంటర్ చదివేటప్పుడే మూయించినాం కదరా, పిల్లి దిగి పాలు తాగుతాందని. ఆ పక్కన స్లాబు ఏసినాక ట్యాంకు పెట్టినాం" అనింది. అంటే ఇరవై ఐదేళ్లుగా లేని గవాచిని నేను ఫోన్‌లో చూసి పాపకు పాఠం చెప్పాను. సరే. ఎట్లాగూ ఫోన్ చేశాను కదా అని, తాడిపత్రి తమ్ముడు చెప్పిన పదిన్నర మనసులో పెట్టుకుని అడిగాను. మా ఇంట్లో అప్పట్లో గడియారం లేదు, నేల మీద గవాచి ఎండ ఎక్కడుందో చూసి అవ్వ పొయ్యి వెలిగించేది. "పొద్దున పదిన్నరకు గవాచి ఎండ యాడ పడేది మా?"

"ఏ కాలంలో?" అనింది అమ్మ.

సంక్రాంతి రోజుల్లో ఎండ పొయ్యి దాటి వెనకగోడ ఎక్కేదంట. ఎండాకాలంలో రోలు దగ్గర నేల మీదే ఉండేదంట.