బోయింగ్ లెక్కలు ఎక్కడి నుంచి చదవాలి?

సీఏ_ఫైనల్_విజయవాడ:
అందరికీ నమస్కారం. సీఏ కోర్సులో భాగంగా ఆర్టికల్‌షిప్ (ఆడిట్ శిక్షణ) చేస్తున్నాను. సాధన కోసమని బోయింగ్ 2018 వార్షిక నివేదిక ముందేసుకుని కూర్చున్నా. లాభం సుమారు 1,046 కోట్ల డాలర్లు. తీరా బ్యాలెన్స్ షీట్‌కి వస్తే మొత్తం ఈక్విటీ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేయగా వాటాదారులకు మిగిలేది) 41 కోట్ల డాలర్లే! రెండు రాత్రులు తిరగేశాను. నేనెక్కడ పొరబడ్డాను?

రిటైర్డ్_ఆడిటర్:
పొరబడలేదు బాబూ. క్యాష్ ఫ్లో (నగదు రాకపోకల పట్టిక)లో ఫైనాన్సింగ్ భాగం చూడు. ఆ ఏడాది సొంత షేర్లు తిరిగి కొనడానికే 900 కోట్లు, డివిడెండ్లకి మరో 390 కోట్ల పైన. సంపాదించినదానికంటే పంచింది ఎక్కువ. అంతకు ముందు కొన్నేళ్లుగా షేర్లు కొంటూనే ఉన్నారు. 2019లో 737 మ్యాక్స్ విమానాలు ఎగరకుండా, డెలివరీ కాకుండా ఆగిపోయేసరికి ఈక్విటీ 800 కోట్లకు పైగా మైనస్‌లోకి వెళ్లింది.

ఇక్కత్:
లాభం అంకెను కూడా ఉన్నదున్నట్టు తీసుకోకండి. అక్కడ ‘ప్రోగ్రామ్ అకౌంటింగ్’ ఉంది. మా నాన్న మగ్గం నేసేవారు. కొత్త డిజైన్ ఎత్తుకుంటే మొదటి చీరకి 20 రోజులు, చేయి తిరిగాక 10 రోజులు పట్టేది. ఇలాంటి చీరలు 100 అమ్ముతామని ముందే అంచనా కట్టి, ప్రతి చీరకీ సగటున 12 రోజుల కూలీయే ఖర్చు రాశారనుకోండి. మొదటి చీరలో మిగిలిన 8 రోజుల కూలీ సరుకు నిల్వలో ఆస్తిగా కూర్చుంటుంది. బోయింగ్ 787 విమానం విషయంలో అలా కూర్చున్న మొత్తం 2016లో 2,800 కోట్ల డాలర్లు దాటింది. ఎయిర్‌బస్ ఈ పద్ధతి వాడదు, కాబట్టి రెండింటి మార్జిన్లూ నేరుగా పోల్చకూడదు.

సీఏ_ఫైనల్_విజయవాడ:
మరి ఆ 100 చీరలూ గిట్టుబాటు కావని తేలితే?

ఇక్కత్:
రాబోయే నష్టమంతా ఆ క్వార్టర్‌లోనే ఒకేసారి రాసెయ్యాలి. 2020 చివర్లో 777ఎక్స్ అనే విమానం మీద 650 కోట్ల డాలర్ల నష్టం అలాగే పడింది.

సియాటిల్_తెలుగు:
2019 వేసవిలో ఇక్కడ బోయింగ్ ఫీల్డ్ పక్కగా కారులో వెళ్తుంటే ఉద్యోగుల కార్ పార్కింగ్‌లో కొత్త మ్యాక్స్ విమానాలు వరసగా నిలబడి కనిపించేవి. ఎయిర్‌లైన్స్ ఎక్కువ డబ్బు కట్టేది డెలివరీ రోజునే. ఆ ఏడాది సరుకు నిల్వ అంకె ఎందుకు ఉబ్బిందో నాకు ఆ పార్కింగ్ చూశాకే ఒంటబట్టింది. అప్పటి నుంచి లాభం కంటే ముందు నెలనెలా డెలివరీలు చూస్తున్నాను.

రిటైర్డ్_ఆడిటర్:
బాగా చెప్పారు. డెలివరీలు, నిల్వ, కస్టమర్ల అడ్వాన్సులు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. లెక్కల వెనక ఇచ్చే నోట్స్ (వివరణలు) వదిలిపెట్టొద్దు బాబూ, అసలు సంగతులన్నీ అక్కడే ఉంటాయి.

సీఏ_ఫైనల్_విజయవాడ:
మీరు చెప్పినట్టే 2024 తీసి కూర్చున్నా సార్. నష్టం 1,180 కోట్లు, ఫ్రీ క్యాష్ ఫ్లో (వ్యాపారంలో వచ్చిన నగదులోంచి యంత్రాలు, ప్లాంట్ల ఖర్చు పోగా మిగిలేది) మైనస్ 1,430 కోట్లు. అక్టోబర్‌లో కొత్త షేర్లు అమ్మారు, ఒక్కోటి 143 డాలర్లకు. 2018లో తిరిగి కొన్నవి సగటున 300 డాలర్లకు పైనే. ఈ రెండు అంకెలూ నోట్‌బుక్‌లో ఒకే పేజీలో రాసుకున్నాను.