గెలిపిస్తున్న ట్రైనర్ ఒక్కసారిగా ఎందుకు ఆగిపోయాడు?

మలక్‌పేట్_పాతకాపు:
పేరు రాయను. గుర్రపు రేసులు చూసేవాళ్ళకు రాయకపోయినా తెలుస్తుంది. పోయిన చలికాలం సీజన్‌లో పరిగెత్తించిన ప్రతి ఐదింట్లో ఒకటి గెలిపించిన ట్రైనర్, ఈ వానాకాలం సీజన్ మొదలయ్యాక వరసగా 22 ఓడిపోయాడు. ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. అదే లాయం, అవే గుర్రాలు, అదే జాకీ. నేను 1984 నుంచి మలక్‌పేట రేసులకు వస్తున్నాను. ఎవరికైనా పనితనం తగ్గితే మెల్లగా తగ్గుతుంది, ఇలా కుళాయి కట్టేసినట్టు ఆగదు. ఎవరో ఒకరు కడితేనే కుళాయి ఆగుతుంది. సూటిగా చెప్తున్నాను, గుర్రాల్ని ఆపుతున్నారు. రేటింగ్ దిగి మోసే బరువు తగ్గాక, బుకీల దగ్గర రేటు పెరిగాక ఒక రోజు వదులుతారు. అక్టోబర్ 2న జరిగే పెద్ద రేసు డెక్కన్ డెర్బీ నాటికి చూడండి. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

చాదర్‌ఘాట్_శీను:
నిజం అన్నా. మొన్న ఆదివారం ఫేవరెట్ ఐదో ప్లేస్. నావి 2 వేలు పోయినయ్.

లెక్కల_మాస్టారు:
పాతకాపు గారూ, తప్పుగా అనుకోకండి. ఐదింట ఒకటి గెలిచే మనిషి వరసగా 22 ఓడిపోయే అవకాశం ఎంతో లెక్క కడితే 0.7 శాతం వస్తుంది. చాలా తక్కువే. కానీ అది ఫలానా చోట మొదలుపెట్టి లెక్కిస్తే. 300 పరుగులు పెట్టే లాయంలో అలాంటి వరస ఎక్కడో ఒక చోట వచ్చే అవకాశం దాదాపు మూడింట ఒక వంతు. అది వచ్చినప్పుడే మనం చూస్తాం, రానప్పుడు ఎవరూ పోస్టు పెట్టరు. పైగా గెలిచే అవకాశం ఎప్పుడూ ఐదింట ఒకటిగానే ఉంటుందని ఎవరన్నారు? అది నూటికి 12కు పడిపోయి ఉంటే 22 ఓటములు వరసగా వచ్చే అవకాశం నూటికి ఆరు. అంత విడ్డూరమేమీ కాదు. ఎందుకు పడిపోయింది అన్నదే అసలు ప్రశ్న.

మలక్‌పేట్_పాతకాపు:
మాస్టారూ, మీ లెక్క కాగితం మీద బాగుంది. మొన్న ఆదివారం నాలుగో రేసు చూశారా? ఇంకా 400 మీటర్లు ఉందనగా గుర్రం రెండో స్థానంలో ఉంది, ముందు దారి ఖాళీగా ఉంది. జాకీ చెయ్యి కదపలేదు. ఆ వీడియో 14 సార్లు చూశాను. చెయ్యి ఎందుకు కదపలేదు? దీనికి మీ 0.7 శాతం దగ్గర జవాబు ఉందా?

సగం_ఓనర్:
ఆ లాయంలో నాకు ఒక గుర్రంలో సగం వాటా ఉంది. కాబట్టి నా మాట పక్షపాతం అనుకున్నా ఫర్వాలేదు. హ్యాండిక్యాప్ అంటే ఏమిటో మరిచిపోయి మాట్లాడుతున్నారు. గెలిస్తే రేటింగ్ పెరుగుతుంది, ఒక్కో పాయింటుకు అర కిలో బరువు. చలికాలంలో మా గుర్రం 52 కిలోలు మోసి గెలిచింది, ఇప్పుడు అదే క్లాసులో 59 మోస్తోంది. ఏడు కిలోలు! రెండు గెలుపులు తెచ్చిన శిక్ష అది. దానికి తోడు అన్ని రేసు గుర్రాలకూ జనవరి 1నే ఒక ఏడు వయసు పెరుగుతుంది. ఆయన దగ్గర చలికాలంలో గెలిచినవాటిలో సగం మూడేళ్ళవి. వాటికి వాటి ఈడు గుర్రాలతో పోటీ. ఇప్పుడు అవి నాలుగేళ్ళవి, ముదురు గుర్రాలతో తలపడాలి. వాటి చోటు నింపే పిల్లలు కావాలి కదా. అవెక్కడ? 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పందెం మీద 28 శాతం వేశారు, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం చేశారు. టోట్‌లో, అంటే క్లబ్బు నడిపే పందెంలో, డబ్బు తగ్గితే ప్రైజ్ మనీ తగ్గుతుంది, ప్రైజ్ మనీ తగ్గితే మాలాంటివాళ్ళు కొత్త పిల్లల్ని కొనరు. ట్రైనర్ ఏం చేస్తాడు, గాల్లోంచి గుర్రాల్ని పుట్టిస్తాడా?

మలక్‌పేట్_పాతకాపు:
జీఎస్టీ ఆయనొక్కడికే వేశారా? పక్క లాయాలు గెలుస్తున్నాయి కదా. నేను అడిగింది చెయ్యి గురించి.

పశువుల_డాక్టరమ్మ:
రాజేంద్రనగర్‌లో చదివాను. కొన్నాళ్ళు రేసు గుర్రాలతో పనిచేశాను. జాకీ చెయ్యి గురించి ఒక మాట. కింద గుర్రానికి ఊపిరి అందడం లేదని జాకీకి అందరికంటే ముందు తెలుస్తుంది. ఎంత అదిలించినా రానిదాన్ని కొంతమంది అదిలించరు. దగ్గు ఉండదు, ముక్కు కారదు, జ్వరం కూడా కనబడదు. లోపల శ్వాసనాళంలో మంట ఉంటుంది. తెల్లవారి దౌడులో బాగానే పరిగెడుతుంది, రేసులో చివరి 400లో వాలిపోతుంది. దౌడు తర్వాత ఎండోస్కోపీ చేసి శ్వాసనాళంలోని ద్రవం తీసి చూస్తేనే బయటపడుతుంది. వైరస్ వచ్చి పోయాక శ్వాసనాళం లోపలి పొర మళ్ళీ సరిగా పనిచేయడానికి కనీసం మూడు వారాలు పడుతుంది. ఈలోగా గట్టిగా పరిగెత్తిస్తే అది ఇంకా ముదురుతుంది. వానాకాలంలో ఎండుగడ్డికి బూజు పడుతుంది, పరుపులో మూత్రం నిలిచి ఘాటు లేస్తుంది. మనం నిలబడే ఎత్తులో ఆ వాసన తెలియదు. ఒకసారి గుర్రం పడుకునే చోట వంగి చూడండి, కళ్ళు మండుతాయి.

మలక్‌పేట్_పాతకాపు:
డాక్టరమ్మా, 2008లో దేశమంతా గుర్రాల ఫ్లూ వచ్చింది, నాకు గుర్తుంది. అప్పుడు ఒక ఊరికీ ఒక లాయానికీ ఆగలేదు. ఇప్పుడు వైరస్ ఆయన గోడ దాటి పక్క లాయానికి ఎందుకు పోలేదు?

పశువుల_డాక్టరమ్మ:
అది ఇన్‌ఫ్లుయెంజా, గాలివాటంగా పాకుతుంది. హెర్పిస్ వైరస్ అలా కాదు. ఒంట్లోనే దాక్కుని, ప్రయాణంలోనో పని ఒత్తిడిలోనో పైకి లేస్తుంది, ఒకే లాయంలో తిరగగలదు. ఇక బూజు గడ్డి సంగతా? అది ఎవరి గడ్డి వాళ్ళదే.

లాంగ్_రూట్_రమణ:
గడ్డి కాదు, జాకీ కాదు. ముందు ఏదో మందు ఇచ్చేవాడు, ఇప్పుడు ఆపేశాడు. అంతే.

సగం_ఓనర్:
రమణ గారూ, గెలిచిన గుర్రానికి శాంపిల్ తీస్తారు. చలికాలమంతా తీశారు. ఒక్కటైనా పట్టుబడిందా? నోటికొచ్చింది రాయకండి.

సైసుగారి_అబ్బాయి:
నాలుగు రోజులుగా చదువుతూ ఊరుకున్నాను. ఇక రాస్తాను. మా నాన్న ఆ లాయంలో 19 ఏళ్ళు సైసు, గుర్రాల్ని చూసుకునే మనిషి. మార్చిలో మానేశారు.

తెల్లవారుజామున మూడున్నరకు తలుపు తీయగానే నాన్న మొదట లైటు వేయరు. చీకట్లోనే మేత తొట్టిలో చెయ్యి పెట్టి అడుగంతా తడుముతారు. నాకేసినట్టు నున్నగా ఉంటే గుర్రం బాగుంది. మూలన పిడికెడు ఉలవలు తడిగా అతుక్కుని ఉన్నాయంటే ఏదో ఉంది. తర్వాత ముందు కాళ్ళు. మోకాలి కింద వెనకవైపు నరాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని గిట్ట దాకా దిగుతారు, ఒక కాలికీ ఇంకో కాలికీ వేడిలో తేడా ఉందా అని. తర్వాత థర్మామీటర్. 101 దాటితే సైసుల పెద్ద అయిన జమాదార్‌కు చెప్తారు. జమాదార్ ట్రైనర్ గారికి చెప్తాడు: ‘ఇవాళ దీన్ని దౌడు తీయించొద్దు సార్, నడిపించి తెద్దాం’. ఆయన సరే అనేవారు. ఆయన గొప్పతనం అదే, వినేవారు.

ఫిబ్రవరిలో జీతం దగ్గర జమాదార్‌తో మాటా మాటా పెరిగింది. జమాదార్ వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఆరుగురు సైసులు వెళ్ళారు, మా నాన్న కూడా. కొత్తగా వచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. కానీ ముందు మనిషికి రెండు గుర్రాలు, ఇప్పుడు నాలుగు. తొట్టిలో మేత మిగిలిందని చెప్తే ‘నువ్వు సరిగ్గా పెట్టలేదు’ అని తిట్లు. కాబట్టి మిగిలింది ఊడ్చి గోనెసంచిలో పోస్తున్నారు. ఐదింటికి ట్రైనర్ గారు వచ్చేసరికి అన్ని తొట్లూ ఖాళీ. అన్ని గుర్రాలూ బాగున్నట్టే. బాగున్నాయనుకుని దౌడు తీయిస్తారు. డాక్టర్ గారు చెప్పిన మూడు వారాల సంగతి అక్కడ ఎవరికి తెలియాలి?

సగం_ఓనర్:
తమ్ముడూ, మీ నాన్నగారి మీద గౌరవం ఉంది. కానీ సైసులు మారడం ప్రతి లాయంలో మామూలే. గుర్రాన్ని ఎంచేది, పని చెప్పేది, ఏ రేసులో దింపాలో తేల్చేది ట్రైనర్. మాలిష్ చేసేవాడు వెళ్తే రేసులు పోతాయంటే నేను నమ్మను.

సైసుగారి_అబ్బాయి:
మాలిష్ చేసేవాడా? 19 ఏళ్ళు. మీ గుర్రం గెలిచిన రోజు ఫొటోలో పగ్గం పట్టుకున్న మనిషి పేరు మీకు తెలుసా?

మలక్‌పేట్_పాతకాపు:
బాబూ, నువ్వు చెప్పేది కోపం. సాక్ష్యం కాదు. మీ నాన్నను తీసేశారు, నీకు ఆ లాయం ఓడిపోవాలని ఉంటుంది.

సైసుగారి_అబ్బాయి:
తీసేయలేదు, ఆయనే మానేశారు. మూడు నెలల జీతం బాకీ ఇంకా రాలేదు. కోపం ఉంది, ఎందుకు ఉండదు? కానీ ఆ గుర్రాలు ఓడిపోవాలని మా ఇంట్లో ఎవరికీ లేదు. ఓడిన ప్రతిసారీ ఆ పూట నాన్న అన్నం తినడం లేదు. పెద్దాయన, మీకేం తెలుసు? మీకు కావలసింది దొంగ. 40 ఏళ్ళు చూశాను అంటారు. రేసుకు ముందు గుర్రాల్ని తిప్పే ప్యాడాక్ కంచె ఇవతల నుంచి చూశారు.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వెళ్ళొద్దు. ఇద్దరికీ చెప్తున్నాను.

లెక్కల_మాస్టారు:
పోట్లాట పక్కన పెడితే, నాకు ఒకటి అర్థమైంది. ఓనర్ గారు చెప్పిన బరువు, డాక్టర్ గారు చెప్పిన ఊపిరి, ఈ అబ్బాయి చెప్పిన తొట్టి, వీటిలో ఏ ఒక్కటీ నూటికి 20 గెలుపుల్ని 12కు దించదేమో. మూడూ కలిస్తే దించుతాయి.

మలక్‌పేట్_పాతకాపు:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. తమ్ముడూ, నువ్వన్నది గుచ్చుకుంది.

నాలుగో రేసులో నేను పెట్టింది మా ఆవిడ కంటి ఆపరేషన్‌కు దాచిన డబ్బు. ఆ ట్రైనర్‌ని నమ్మి పెట్టాను. గుర్రాన్ని ఆపారంటే నన్ను మోసం చేశారు, నేను చూసింది మాత్రం సరైనదే. ఆపలేదు, గుర్రానికే బాగాలేదు అంటే ఇన్నేళ్ళూ నేను పుస్తకం, రేటింగు, టైములు చదివి నేర్చుకున్నదాంట్లో ఆ తొట్టి లేదన్నమాట. కళ్ళ ముందు ఉన్నది చదవడం నాకు రాలేదన్నమాట. అది ఒప్పుకోవడం నాకు కష్టంగా ఉంది. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని తీర్పు ఇచ్చినప్పుడు ఆ పేపర్ కత్తిరించి దాచుకున్నవాణ్ణి నేను.

చాదర్‌ఘాట్_శీను:
అన్నా, వదినమ్మ ఆపరేషన్ సంగతి చూద్దాం. ఫోన్ చెయ్యి.

సైసుగారి_అబ్బాయి:
పెద్దాయన, నేను కూడా ఎక్కువ మాట్లాడాను. మన్నించండి.

సగం_ఓనర్:
ఇవాళ తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. మా గుర్రం తొట్టి ఖాళీగా ఉంది. పక్కన గోనెసంచి ఎత్తి చూశాను. సగం దాకా ఉలవలు, ఓట్స్, పైన తవుడు ఇంకా తడిగా ఉంది. సైసు కుర్రాడికి 20 ఏళ్ళు ఉంటాయి, తల ఎత్తలేదు. వాణ్ణి ఏమీ అనలేదు. నాలుగు గుర్రాలు నిజమే, నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నెలకు ఖర్చు తగ్గించమని ట్రైనర్ గారిని అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

బరువుల గురించి నేను చెప్పింది వెనక్కి తీసుకోను, అదీ నిజమే. కానీ ఆదివారం మా గుర్రాన్ని దింపడం లేదు. ఎండోస్కోపీ చేయిస్తున్నాం. తమ్ముడూ, ఆ ఫొటో ఇంట్లో గోడకు ఉంది, చూశాను. మీ నాన్నగారి పేరేమిటో నాకు విడిగా మెసేజ్ పెట్టు. బాకీ సంగతి నేను మాట్లాడతాను.

మలక్‌పేట్_పాతకాపు:
తమ్ముడూ, ఒక్కటి అడుగుతాను, వాదనకు కాదు. ఆ నాలుగో రేసు వీడియో మీ నాన్నగారికి చూపించగలవా? 400 మీటర్ల దగ్గర ఆ చెయ్యి ఎందుకు కదల్లేదో ఆయన చెప్తే నేను నమ్ముతాను.

సైసుగారి_అబ్బాయి:
చూపించాను. 400 దాకా రానివ్వలేదు. మొదట్లోనే, ప్యాడాక్‌లో తిప్పుతున్నప్పుడే ఆపమన్నారు. ఫోన్ కళ్ళ దగ్గరగా పెట్టుకుని డొక్కల వైపు వేలు పెట్టారు. ఇంకా నడకే, పరుగు మొదలే కాలేదు. అప్పటికే డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ‘దీన్ని ఎవరు తీసుకొచ్చార్రా ఇక్కడికి?’ అన్నారు. మిగతా వీడియో చూడలేదు.