హెచ్చరిద్దామని పెట్టిన లింకునే నొక్కేశారు

సీతమ్మధార నుంచి:
మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకి నేనే అడ్మిన్‌ని. మద్దిలపాలెం జంక్షన్‌లో సిగ్నల్ దాటారు, ఈ రాత్రిలోగా చలానా కట్టకపోతే బండి సీజ్ అని నిన్న సాయంత్రం నాకో మెసేజ్ వచ్చింది, కింద లింకు. నాకు బండే లేదు, మోసమని తెలిసిపోయింది. అందరికీ చెబుదామని దాన్ని గ్రూపులో ఫార్వర్డ్ చేసి, ఆ తర్వాత 'ఎవరూ నొక్కకండి' అని రాశాను. రెండో అంతస్తు పిన్నిగారు నా పేరు చూసి, నేను పెట్టాను కదా అని నొక్కేశారు. ఏదో ఫైల్ డౌన్‌లోడ్ అయిందట, తెరవలేదట. రాత్రంతా ఆవిడకి నిద్ర లేదు. ఇప్పుడేం చెయ్యాలండీ?

గాజువాక, సెల్ రిపేరు షాపు:
పిన్నిగారికి ముందు ధైర్యం చెప్పండి. ఫైల్ దిగినంత మాత్రాన యాప్ ఎక్కదు. డౌన్‌లోడ్స్‌లోకి వెళ్లి, పేరు చివర ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్‌ని ఎక్కించే ఫైల్) అని ఉన్నదాన్ని తెరవకుండా తీసేయండి. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా కూడా ఒకసారి చూడండి. ఇలాంటి యాప్ ఎక్కి, పర్మిషన్ ఇస్తే ఎస్సెమ్మెస్‌లు చదువుతుంది, అంటే ఓటీపీలు వాళ్లకి చేరిపోతాయి. ఆ పేజీలో కార్డు నంబరో పిన్నో కొట్టారేమో మెల్లగా అడగండి, భయంతో దాచేవాళ్లని షాపులో చాలామందిని చూశాను. కొట్టి ఉంటే వెంటనే బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చెయ్యాలి.

అనుమానమున్న లింకుని స్క్రీన్‌షాట్‌గానే పెట్టండి, బొమ్మని నొక్కితే ఏ సైటూ తెరుచుకోదు. అడ్రసు చదివేటప్పుడు మొదటి మాట చూసి నమ్మకండి. కేంద్ర ఈ-చలానా సైటులో మొదటి ఒంటి స్లాష్‌కి ముందు 'పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్' అని ఉంటుంది. దొంగ లింకులో 'పరివాహన్' ముందెక్కడో పెట్టి, స్లాష్‌కి సరిగ్గా ముందు ఇంకేదో పేరు ఉంటుంది. ఆ లింకు తెరిచేది ఆ పేరున్న సైటునే.

అక్కయ్యపాలెం నుంచి:
అవన్నీ సరే, ఆ మెసేజ్ గ్రూపులోంచి తీశారా? పంపిన 2 రోజుల 12 గంటల లోపైతే 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' పనిచేస్తుంది. మా గ్రూపులో మంచి లింకైనా సరే, ఎవరు పంపారో, దేనికో ఒక ముక్క రాయకుండా పెట్టనివ్వం.

సీతమ్మధార నుంచి:
తీసేశానండి. పిన్నిగారు ఏ నంబరూ కొట్టలేదట. ఫైల్ నేనే దగ్గర కూర్చుని తీయించాను. అది గ్రూపులో ఉన్నంతసేపట్లో ఇంకెవరైనా నొక్కారేమో, సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి అడుగుతాను.