‘షీట్ మ్యూజిక్’ని తెలుగులో ఏమనాలి? ‘స్వరలిపి’ అంటే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. ఒక అనువాదంలో మాట దగ్గర ఆగిపోయాను, మీ సాయం కావాలి. 1920ల నాటి అమెరికాలో పాటల వ్యాపారం ఎలా నడిచిందో చెప్పే వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. జాజ్ ఊపందుకున్న కాలం. ప్రతి పేరాలోనూ ‘షీట్ మ్యూజిక్’ అనే మాట తగులుతోంది. మొదట్లో నేను పెద్దగా ఆలోచించకుండా ‘స్వరలిపి’ అని రాసుకుంటూ పోయాను. ఎనిమిదో పేజీకి వచ్చేసరికి నా చేతుల్లోంచి ఇలాంటి వాక్యం వచ్చింది: "లిల్ హార్డిన్ షికాగోలో వారానికి 3 డాలర్ల జీతానికి స్వరలిపి అమ్మేది." చదివి పెన్ను పక్కన పెట్టేశాను. లిపిని ఎవరైనా అమ్ముతారా?

ఆవిడ ఎవరో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లిల్ హార్డిన్ మంచి పియానిస్టు, తర్వాత 1924లో జాజ్ బాకా విద్వాంసుడు లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని పెళ్లి చేసుకుంది. అంతకుముందు 1918 ప్రాంతంలో షికాగో సౌత్ స్టేట్ స్ట్రీట్‌లో జోన్స్ మ్యూజిక్ స్టోర్ అనే కొట్టులో పనికి కుదిరింది. పని ఏమిటంటే, కొనడానికి వచ్చినవాళ్లు ఏ పాట కాగితం చేతికిస్తే అది అప్పటికప్పుడు పియానో మీద వాయించి వినిపించడం. ఆ ఉద్యోగాన్ని ‘డెమాన్‌స్ట్రేటర్’ అనేవారు. మన చీరల షాపులో కుర్రాడు చీర మడత విప్పి భుజాన వేసుకుని అంచు ఎలా పడుతుందో చూపిస్తాడు చూడండి, సరిగ్గా అదే పని. మడతపెట్టి ఉన్న చీర ఎలా ఉంటుందో తెలియదు, కాగితం మీద ఉన్న పాట కూడా అంతే. ఒకరోజు జెల్లీ రోల్ మోర్టన్ అనే పేరున్న జాజ్ పియానిస్టు ఆ కొట్టులోకి వచ్చి పియానో ముందు కూర్చుని వాయిస్తుంటే తను నిలువునా కదిలిపోయానని, ఆ తర్వాత తను కూడా మీటల్ని బరువుగా నొక్కి వాయించడం మొదలుపెట్టానని ఆవిడే చెప్పుకుంది.

ఇక్కడ అమ్మకానికి ఉన్న ‘షీట్ మ్యూజిక్’ అంటే సాధారణంగా ఒక్క పాట. మధ్యకు మడిచిన పెద్ద కాగితం, లోపల ఇంకో కాగితం. ముందువైపు రంగుల బొమ్మ, ఓ మూల ఆ పాటని పాడే స్టేజీ గాయని ఫొటో. లోపల పియానోకి స్వరాలు, వాటి మధ్య సాహిత్యం. ఇంట్లో పియానో ఉన్నవాళ్లు కొనుక్కుని పోయి, సాయంత్రం ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి పాడుకునేవారు. దీన్ని ఒక్క మాటలో ఏమంటారు మనం?

వ్యాఖ్య: ‘నొటేషన్’ అనండి, అందరికీ తెలిసిన మాట. సంగీతం నేర్చుకునే పిల్లలు కూడా "నొటేషన్ ఇవ్వండి టీచర్" అనే అడుగుతారు.

జవాబు: నేనూ అదే అనుకున్నానండీ, కానీ ‘స్వరలిపి’తో వచ్చిన ఇబ్బందే దీనితోనూ వస్తోంది. నొటేషన్ అనేది రాసే పద్ధతి. షీట్ మ్యూజిక్ అనేది సరుకు, బేరం. న్యూయార్క్ పబ్లిషర్లు దాన్ని కట్టలు కట్టి రైళ్లలో ఊరూరికీ పంపేవారు. వూల్‌వర్త్ లాంటి చౌక దుకాణాల్లో 10 సెంట్లకి, సబ్బుల పక్కన, రిబ్బన్ల పక్కన పెట్టి అమ్మేవారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితం కరువొచ్చి దాని సైజు కూడా తగ్గిపోయింది. కరువొస్తే లిపి సైజు తగ్గదు కదా.

ఇంకో చిక్కు ఉంది, నాకు బాగా ఇష్టమైన సంగతి కూడా అదే. జాజ్‌లో అసలు ప్రాణం ఉన్నదంతా కాగితానికి అందని చోటే ఉంది. షికాగోలో మెల్రోజ్ బ్రదర్స్ అని అన్నదమ్ములు కాటేజ్ గ్రోవ్ అవెన్యూలో కొట్టు పెట్టి, మోర్టన్ పాటలు అచ్చేసి పైకొచ్చారు. వాళ్లు 1927లో ఆర్మ్‌స్ట్రాంగ్ పేరుతో రెండు పుస్తకాలు వేశారు: కార్నెట్ అనే చిన్న బాకాకి 125 బ్రేకులు (మిగతా వాద్యాలు ఆగినప్పుడు ఒక్కరే వాయించే ముక్కలు) ఒకటి, 50 హాట్ కోరస్‌లు (పాట వరస మీద సొంతంగా అల్లి వాయించేవి) ఒకటి. ఆయన మనోధర్మంగా వాయించేవాటిని కాగితం మీదికి దించడం ఎలాగా? ఆయన చేత మైనపు సిలిండర్ల మీద రికార్డు చేయించి, ఎల్మర్ షోబెల్ అనే పియానిస్టు విని రాశాడు. ఆ సిలిండర్లు ఇప్పుడు దొరకవు, కాగితాలు మిగిలాయి. మనకీ ఇలాంటి ప్రయత్నం ఉంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చు వేయించినప్పుడు, ఒక్కో గమకానికీ ఒక్కో గుర్తు ఏర్పరచుకుని ఎంత శ్రమ పడ్డారో ఆ పుటలు తిరగేస్తేనే అర్థమవుతుంది. దాన్ని స్వరలిపి అంటే ఒప్పుకుంటాను, నిండుగా సరిపోతుంది. వూల్‌వర్త్‌లో 10 సెంట్ల కాగితానికి మాత్రం వేరే మాట కావాలి.

వ్యాఖ్య: ‘పాటల పుస్తకం’ ఎందుకు కాకూడదండీ? మా చిన్నప్పుడు సినిమా హాలు దగ్గర అమ్మేవారు. పల్చటి కాగితం, ముందు హీరో హీరోయిన్ల బొమ్మ, లోపల సగం కథ చెప్పి "మిగతా కథ వెండితెరపై చూడండి" అని ఆపేసేవారు. మా అమ్మ అలాంటివి పెట్టెలో దాచుకుంది. మీరు చెప్పిన వర్ణనకి బాగా దగ్గరగా ఉంది.

జవాబు: మీ అమ్మగారి పెట్టె మాట చదివి చాలా సంతోషమేసింది, దయచేసి వాటిని ఫొటోలు తీసి ఉంచండి. పోలిక నిజమే. పాట జనం నోట్లో నానుతున్నప్పుడే, వేడి మీద ఉండగానే, చేతిలో పెట్టి డబ్బు తీసుకోవడం రెండు చోట్లా ఒకటే. కానీ మన పాటల పుస్తకంలో సాహిత్యమే ఉంటుంది, స్వరం ఉండదు. వరస మనకి చెవిన పడితే చాలు, వచ్చేస్తుంది. అక్కడ ఇంట్లో పియానో ఉంది, దాని మీద రెండు చేతులూ ఎక్కడెక్కడ పడాలో చెప్పాలి. 1909 ఒక్క ఏడాదిలోనే అమెరికాలో మూడున్నర లక్షలకు పైగా పియానోలు తయారయ్యాయి. అన్ని పియానోలకీ మేత కావాలి కదా. పైగా అది పుస్తకం కాదు, ఒక్కొక్క పాట విడిగా అమ్ముడుపోయేది, లెక్క కూడా ఒక్కో పాటకి ఎన్ని కాపీలు అనే. చార్లెస్ కె. హారిస్ 1892లో సొంతంగా అచ్చేసుకున్న ‘ఆఫ్టర్ ది బాల్’ అనే ఒక్క పాట లక్షల మీద లక్షల కాపీలు పోయేసరికే, ఇందులో ఇంత డబ్బుందా అని మిగతావాళ్ల కళ్లు తెరుచుకున్నాయి.

అన్నట్టు ఆ ‘కాపీ’ అనే మాటతో నేను ఇంకో చోట పడ్డాను. ‘ప్రొఫెషనల్ కాపీ’ అని వస్తే ‘వృత్తిపరమైన ప్రతి’ అని రాసేశాను. తీరా చూస్తే అది గాయకులకి ఊరికే ఇచ్చే కాపీ. బొమ్మ ఉండదు, నాసి కాగితం. మీరు స్టేజీ మీద పాడండి చాలు, మాకు కొట్టులో అమ్ముడుపోతుంది అనే లెక్క. పేరున్న గాయకులైతే ఊరికే తీసుకోవడంతో ఆగేవారు కాదు, రచయితల వరసలో తమ పేరు కూడా వేయించుకుని రాయల్టీలో వాటా పుచ్చుకునేవారు. దాన్ని ‘కట్-ఇన్’ అన్నారు. ఆల్ జోల్సన్ అనే స్టేజీ గాయకుడి పేరు అలా చాలా పాటల మీద ఉంటుంది. కాబట్టి ఆ కాలపు కవరు మీద రచయిత అని ఉన్నంత మాత్రాన రాశాడని నమ్మి అనువదించకూడదు.

వ్యాఖ్య: నేనొక మాట చెబుతాను, పరిశీలించండి. ‘రేకు’. అన్నమయ్య సంకీర్తనలు దొరికింది రాగి రేకుల మీదే కదా, తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారంలో. ఇప్పటికీ కీర్తన ఎక్కడిదంటే రేకు నంబరు చెబుతాం. పైన రాగం పేరు, కింద సాహిత్యం. షీట్ అంటే రేకే. ‘పాట రేకు’ అనండి. పాతికేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాడిగా చెబుతున్నాను, మనకి ఉన్న మాటని వదిలేసి కొత్తవి కుట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

జవాబు: మాష్టారూ, మీ వ్యాఖ్య చదివి లేచి నిలబడ్డాను. నిజంగానే. ఎందుకంటే మీరు చెప్పినదానికి ఇంకో సాక్ష్యం ఆ వ్యాపారంలోనే ఉంది. షీట్ మ్యూజిక్ అచ్చుకి ముందు నిజంగా లోహపు రేకే తయారుచేసేవారు. సీసం, తగరం కలిసిన మెత్తని పలక తీసుకుని, దాని మీద అయిదు గీతలు గీసి, ఒక్కో స్వరం గుర్తునీ ఉక్కు ముద్రతో సుత్తి దెబ్బ వేసి దింపేవారు. అదీ కుడి ఎడమ తిరగేసి, అద్దంలో కనపడినట్టు. తప్పు పడితే వెనకనుంచి కొట్టి చదును చేసి మళ్లీ ముద్ర వెయ్యాలి. ఆ పలక నుంచి అచ్చు రాయి మీదికో, జింకు రేకు మీదికో దించి వేలకొద్దీ కాగితాలు తీసేవారు. అంటే న్యూయార్క్ పాట కూడా కాగితం ఎక్కేముందు ఒక రేకు మీద పడుకునే వచ్చింది. తిరుమల రాగి రేకు దాచుకోవడానికి, ఈ రేకు అమ్ముకోవడానికి. ఆ తేడా ఉంది, కానీ మాట మాత్రం కలుస్తోంది.

అయితే మాష్టారూ, ఒక్క అభ్యంతరం చెప్పుకోనివ్వండి. ఈ రోజు పాఠకుడికి ‘రేకు’ అనగానే రేకుల షెడ్డు గుర్తొస్తుంది. లేదా పువ్వు రేకు. ‘పాట రేకులు కొన్నాడు’ అంటే తడుముకుంటాడు. అందుకని మొదటిసారి వచ్చిన చోట ‘షీట్ మ్యూజిక్ అనే పాట రేకులు’ అని పరిచయం చేసి, తర్వాత ఉత్త ‘పాట రేకు’ అని వాడదామనుకుంటున్నాను. పదో పేజీకల్లా అలవాటు పడతారని నా నమ్మకం.

వ్యాఖ్య: అయితే ‘టిన్ పాన్ ఆలీ’ని కూడా ‘రేకు గిన్నెల సందు’ అనేయొచ్చుగా? భలే కుదురుతుంది.

జవాబు: కుదురుతుంది, నాకూ నోరూరింది, కానీ అది ఊరి పేరులాంటిది. మాన్‌హాటన్‌లో వెస్ట్ 28వ వీధి, బ్రాడ్‌వేకీ సిక్స్త్ అవెన్యూకీ మధ్య. 1890ల నుంచి పబ్లిషర్లంతా వరసగా అక్కడ మేడల మీద గదులు తీసుకుని కిటికీలు తెరిచి ఒకేసారి పియానోలు వాయిస్తుంటే, తగరపు గిన్నెలు వాయించినట్టుందని ఆ పేరు వచ్చిందంటారు. మన్రో రోజెన్‌ఫెల్డ్ అనే పత్రికా రచయిత పెట్టాడని చెప్పుకునే కథ ఒకటుంది. 1903లో మాత్రం పేరు పత్రికల్లో అచ్చయింది. జాజ్ కాలానికి పబ్లిషర్లు ఆ వీధి ఖాళీ చేసి బ్రాడ్‌వే వెంట పైకి, థియేటర్ల దగ్గరికి వెళ్లిపోయారు. వీధి మారినా పేరు మాత్రం మొత్తం వ్యాపారానికి అతుక్కుపోయింది. అందుకే పేరు అలాగే ఉంచి, పక్కన ఒక్కసారి ‘కంచరి వీధిలో మోతలా’ అని వివరిద్దామని. గిన్నెలు సాగగొట్టే కంచరి వీధి మోత మన ఊళ్లలో విన్నవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకి వెంటనే చెవికి తగులుతుంది. ‘ఆలీ’ చూసి సినిమా నటుడు అనుకోకుండా ‘టిన్ పాన్ సందు’ అని రాయమని మా అబ్బాయి సలహా. అది బాగానే ఉంది, ఉంచుతాను.

ఇంకా తేలనిది ‘ప్లగ్గర్’. పబ్లిషర్ జీతమిచ్చి పెట్టుకున్న మనిషి. పొద్దున్న ఆఫీసు గదిలో గాయకులకి పాట వాయించి వినిపించాలి, సాయంత్రం థియేటర్లూ హోటళ్లూ తిరిగి ఎవరో ఒకరి చేత పాడించాలి. తర్వాత పెద్ద స్వరకర్త అయిన జార్జ్ గెర్ష్విన్ 1914లో, పదిహేనేళ్ల వయసులో, రెమిక్ కంపెనీలో వారానికి 15 డాలర్లకి చేసింది ఈ ఉద్యోగమే. దీనికి ‘ప్రచారకుడు’ అంటే చప్పగా ఉంది, ‘దండోరా’ అంటే సర్కారు వాసన. మన దగ్గర ‘చెవిలో ఇల్లు కట్టుకుని పోరడం’ అని ఉంది కదా, వాడు చేసేది అక్షరాలా అదే. ఆ పలుకుబడిని పేరుగా మార్చడం నాకు చేతకావడం లేదు. ‘పాట ఎక్కించేవాడు’ అని తాత్కాలికంగా రాసుకున్నాను, పాట నోటికెక్కడం అంటాం కాబట్టి.

వ్యాఖ్య: ‘పబ్లిషర్’ని ‘ప్రచురణకర్త’ అంటున్నారా?

జవాబు: లేదండీ, పబ్లిషర్ అనే ఉంచాను, కావాలనే. వాళ్ల రాబడి కాగితం అమ్మకంతో ఆగలేదు, పాట హక్కుల మీద కూడా వచ్చేది. 1909 చట్టంతో రికార్డుకి 2 సెంట్ల చొప్పున పాట హక్కుదారుకి రావడం మొదలైంది. 1923లో నూఆర్క్‌లో బాంబర్గర్ అనే పెద్ద షాపు నడిపే రేడియో స్టేషన్ తమ పాట అనుమతి లేకుండా ప్రసారం చేసిందని విట్‌మార్క్ అనే పబ్లిషర్ కంపెనీ కేసు వేసి గెలిచింది. పాటల మధ్య షాపు పేరు చెప్పుకుంటున్నారు కాబట్టి అది లాభం కోసమే, అనుమతి తీసుకోవాల్సిందేనన్నారు. 1929లో వార్నర్ బ్రదర్స్ విట్‌మార్క్, రెమిక్, హార్మ్స్ ముగ్గురినీ కొనేసింది, టాకీలకి పాటలు కావాలి కనుక. వాళ్లకి కావలసింది హక్కులు. అచ్చు యంత్రం చుట్టూ తిరిగే ‘ప్రచురణ’ అనే మాట అక్కడ సరిపోదు.

మాష్టారి మాటతో ఆ వాక్యం తిరగరాశాను, చూసి చెప్పండి: "లిల్ హార్డిన్ షికాగోలో ఒక పాట రేకుల కొట్టులో వారానికి 3 డాలర్ల జీతానికి చేరింది. ఎవరు ఏ రేకు తెచ్చి ముందు పెట్టినా వాయించి వినిపించేది." రెండో వాక్యంలో ‘తెచ్చి ముందు పెట్టినా’ బాగుందా, ‘చేతికిచ్చినా’ బాగుందా? ‘ప్లగ్గర్’కి ఏమైనా తట్టితే ఆదివారంలోపు చెప్పండి, సోమవారం పంపించెయ్యాలి.