4 ఓట్ల 5.0 పైన, 180 ఓట్ల 4.4 కింద: ఈ రేటింగ్‌ను ఎలా సరిచేయాలి?

వైట్‌ఫీల్డ్ వాసి:
నమస్కారమండీ. బెంగళూరులో మా తెలుగు సంఘం నెలనెలా వెబ్ పత్రిక తెస్తోంది. కథలు, కవితలు, వ్యాసాలు, ఒక సీరియల్ ఉంటాయి. ప్రతి రచన కింద 5 నక్షత్రాలు పెట్టి, సగటు ఎక్కువున్నది పైకి వచ్చేలా పేర్చాం. ఇప్పుడు నలుగురే ఓటేసిన కవిత 5.0తో మొదటి స్థానంలో కూర్చుంది. 180 మంది ఓటేసిన కథ 4.4తో ఎక్కడో కింద పడింది. పత్రిక మొత్తం సగటు 4.2. పాఠకులు మెచ్చిన రచనకు ఉగాది బహుమతి ఇద్దామని కమిటీ అంటోంది. ఐపీకి (అంటే ఒక్కో నెట్ కనెక్షన్ చిరునామాకు) ఒకే ఓటు అని కట్టడి చేస్తే సరిపోతుందా?

లెక్కల మాస్టారు:
ముందు పేర్చే పద్ధతి మార్చండి, ఐపీ సంగతి తర్వాత. ప్రతి రచనకూ పత్రిక సగటుతో కొన్ని ఉత్తుత్తి ఓట్లు కలపండి. 20 అనుకుందాం. అప్పుడు స్కోరు = (నక్షత్రాల మొత్తం + 20 × 4.2) ÷ (ఓట్ల సంఖ్య + 20).

మీ కవితకు (20 + 84) ÷ 24 = 4.33. కథకు (792 + 84) ÷ 200 = 4.38. కథ పైకొచ్చింది. సినిమాల రేటింగ్ సైటు ఐఎండీబీ టాప్ 250 జాబితా వెనక ఉన్నదీ ఇదే సూత్రం, కాకపోతే వాళ్లకు ఓట్లు వేలల్లో కావాలి.

20 అనే అంకె ఊరికే తీసుకోకండి. రచనలన్నిటినీ ఓట్ల సంఖ్య ప్రకారం వరసగా పెట్టి నడిమి రచనకు పడ్డ ఓట్ల సంఖ్యను తీసుకోండి. మరీ పెద్దది పెడితే అన్నీ 4.2 దగ్గరే గుంపుకడతాయి, కొత్త రచన ఎప్పటికీ లేవదు. మరీ చిన్నదైతే ఇప్పటి రోగమే మళ్లీ.

ఇంకో మాట: కవితనీ కథనీ ఒకే పట్టికలో పెట్టకండి. సీరియల్‌నైతే అసలు పెట్టొద్దు. నచ్చనివాళ్లు మూడో భాగానికే మానేస్తారు, పదో భాగానికి మిగిలేది అభిమానులే. రేటింగ్ దానంతటదే పెరుగుతూ పోతుంది, రచన బాగుపడకపోయినా.

ప్రూఫు పంతులు:
మాస్టారి లెక్కతో పేచీ లేదు గానీ, అసలు నక్షత్రాలే దండగ అంటాను. ఓటేసేవాళ్లలో ఎక్కువమంది 5 నొక్కుతారు, కోపమొస్తే 1 నొక్కుతారు. మధ్యవి ఖాళీ. యూట్యూబ్ 2010లో నక్షత్రాలు తీసేసి లైక్, డిస్‌లైక్ పెట్టింది అందుకే. నెట్‌ఫ్లిక్స్ కూడా 2017లో బొటనవేలికి మారింది.

'నచ్చింది, నచ్చలేదు' రెండే ఉంచితే గణాంకవేత్త విల్సన్ 1927లో ఇచ్చిన సూత్రం వాడొచ్చు. పడ్డ ఓట్లను బట్టి మెచ్చేవాళ్ల అసలు వాటా ఎంతనుంచి ఎంతదాకా ఉండొచ్చో అది చెబుతుంది. అందులో కింది హద్దును స్కోరుగా తీసుకోవాలి. 95 శాతం నమ్మకానికి 3 ఓట్లకు 3 నచ్చితే 0.44 మాత్రమే, 100కి 90 నచ్చితే 0.83.

ఇంకొకటి, ఓటేయకముందే సగటు చూపించకండి. 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ప్రయోగంలో, కామెంట్‌కు మొదట్లోనే ఒక్క దొంగ ప్లస్ తగిలిస్తే చివరి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. రచయిత బావమరిది వేసే మొదటి 5 చేసే పనీ అదే.

కోడ్ కామేశం:
ఐపీ కట్టడి వద్దే వద్దండీ. టెక్ పార్కులో ఒక ఆఫీసు జనమంతా ఒకే ఐపీ మీద బయటికొస్తారు. మొబైల్ నెట్‌వర్క్‌లోనూ ఒకే ఐపీని ఎంతోమంది పంచుకుంటారు. నిజమైన పాఠకులు ఆగిపోతారు, దొంగ ఓటరేమో డేటా ఆపి మళ్లీ ఆన్ చేస్తాడు, చాలాసార్లు కొత్త ఐపీ దొరుకుతుంది.

లాగిన్ పెట్టండి, ఖాతాకు ఒక ఓటు, మార్చుకునే వీలుతో. ప్రతి ఓటునూ విడి వరసగా దాచండి: రచన, ఖాతా, విలువ, సమయం, పేజీ తెరిచాక ఎన్ని సెకన్లకు నొక్కారు. ఓటు బటన్ రచన చివర మాత్రమే ఉంచండి. రెండువేల మాటల కథకు 15 సెకన్లలో 5 పడిందంటే చదివి వేసింది కాదు.

అసలు దెబ్బ వాట్సాప్ బంధువుల గ్రూపు నుంచి వస్తుంది. గుర్తు ఏమిటంటే, ఆ రోజే పుట్టిన ఖాతాలు, గంటలోపు వరసగా 5లు, ఆ ఖాతాలు ఇంకే రచననూ తాకి ఉండవు. వాటిని చెరిపేయకండి, గొడవవుతుంది. కనీసం 3 రచనలకు ఓటేసిన ఖాతాలనే బహుమతి లెక్కలో తీసుకుంటామని ముందే ప్రకటించండి.

వైట్‌ఫీల్డ్ వాసి:
చాలా థ్యాంక్సండీ. పాత ఓట్లకు నక్షత్రాల మొత్తం, ఓట్ల సంఖ్య మాత్రమే ఉన్నాయి. ఏం చేయమంటారు?

లెక్కల మాస్టారు:
నా సూత్రానికి ఆ రెండూ చాలు. పంతులు గారి పద్ధతికి చాలవు, ఎవరు 5 వేశారో ఎవరు 3 వేశారో విడదీయలేరు. దొంగ ఓట్లు ఏరడమూ కుదరదు. పాతవి పేజీలో చూపించడానికి ఉంచి, బహుమతికి లాగిన్ పెట్టాక పడ్డ కొత్త ఓట్లే లెక్కేయండి.

ప్రూఫు పంతులు:
ఆ లెక్కతో కూడా విజేతను తేల్చకండి. పై 10 ఏరడానికి వాడండి, ఆ పదీ ముగ్గురు న్యాయనిర్ణేతలకు రచయిత పేరు తీసేసి ఇవ్వండి. 4.38కీ 4.33కీ తేడా ఇద్దరు ముగ్గురు కొత్త ఓటర్లతో తారుమారవుతుంది.