మూడు నెలలూ 2 కిలోల డంబెల్సేనా? కొత్తవాళ్లు తేలిక బరువుల దగ్గర ఎంత కాలం ఉండాలి?

మెట్లదారి_టీచర్
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఉంటాను. వయసు 44, బడిలో లెక్కలు చెబుతాను. ఏటా అలిపిరి నుంచి నడిచి కొండెక్కడం మా ఇంట్లో ఆనవాయితీ. 3,550 మెట్లు. ఈ మధ్య మోకాళ్ల పర్వతం దగ్గరికి వచ్చేసరికి తొడల్లో సత్తువ ఉండటం లేదు. అందుకని జిమ్‌లో చేరాను. ట్రైనర్ నా చేతికి 2 కిలోల డంబెల్స్ జత ఇచ్చి, "మేడమ్, మూడు నెలలు ఇవే, తర్వాత చూద్దాం" అన్నారు. ఏ వ్యాయామమైనా 15 సార్లు, మూడు సెట్లు. చెమట పడుతోంది కానీ కష్టమేమీ అనిపించడం లేదు. అదే వారం చేరిన మగవాళ్లు మాత్రం అప్పుడే రాడ్డుకు ప్లేట్లు తగిలిస్తున్నారు. చిత్తూరులో ఉండే మా తమ్ముడు, "అక్కా, అది బరువు కాదు, ఆటబొమ్మ. మొదటి రోజు నుంచే రాడ్డు ఎత్తాలి" అని ఫోనులో ఒకటే పోరు. ఎవరి మాట వినాలి? నాకు బీపీ, షుగర్ లేవు, పాత దెబ్బలూ లేవు.

మండీ_మామ
చెల్లెమ్మా, నా ఓటు మీ తమ్ముడికే. మాది చిత్తూరు. మామిడి సీజన్‌లో తోతాపురి లోడు వచ్చిందంటే హమాలీలు 20 కిలోల పైచిలుకు క్రేట్లను పొద్దుటి నుంచి రాత్రి దాకా భుజాన వేస్తారు. మొదటి మూడు నెలలు ఖాళీ క్రేట్లు మోయమని వాళ్లకు ఎవరైనా చెప్పారా? పని నేర్చుకున్నదీ బరువుతోనే, బలం వచ్చిందీ బరువుతోనే. 2 కిలోలంటే మా తూకంలో కొసరు కింద వేసేది. దాన్ని పట్టుకుని మూడు నెలలు ఊపితే వచ్చేది బలం కాదు, విసుగు.

ఎస్వీయూ_గ్రౌండ్
మామ గారూ, సీజన్ మొదటి వారంలోనే నడుము పట్టేసి ఊరికి వెళ్లిపోయిన కుర్రాళ్లు మీ లెక్కలోకి రారు. నిలబడ్డవాళ్లను చూపించి "ఇదే పద్ధతి" అంటున్నారు. ఆ నిలబడ్డవాళ్లు కూడా యాభై ఏళ్లకు ఎలా నడుస్తున్నారో మీకు నాకంటే బాగా తెలుసు.

నేను కాలేజీ పిల్లలకు వెయిట్‌లిఫ్టింగ్ నేర్పినవాణ్ణి. ఇప్పుడు విశ్రాంత జీవితం. కొత్త పిల్లో పిల్లాడో వస్తే మేము మొదట చేతికిచ్చేది కర్ర. కర్రతో వీపు నిటారుగా నిలబడటం వచ్చాక ఖాళీ రాడ్డు. పోటీ రాడ్డయితే మగవాళ్లది 20 కిలోలు, ఆడవాళ్లది 15. ప్లేట్ల సంగతి ఆ తర్వాత. మన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. జనానికి గుర్తుండేది ఆ 240. దాని కింద ఎన్నేళ్ల పునాది ఉందో ఎవరూ అడగరు.

ఇంకో సంగతి. మొదటి వారాల్లో పెరిగే బలం చాలావరకు కండ పెరగడం వల్ల వచ్చేది కాదు. ఆ కదలికను నరాలు నేర్చుకోవడం వల్ల వచ్చేది. కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లు అంత త్వరగా గట్టిపడవు. కండరం సై అన్న రోజున టెండన్ ఇంకా సిద్ధంగా ఉండదు. అలాంటి ఉత్సాహంలోనే భుజాలూ మోచేతులూ పాడు చేసుకుంటారు. టీచరమ్మా, మూడు నెలలంటే ఎక్కువేమీ కాదు. మీ ట్రైనర్ జాగ్రత్తపరుడు.

కొర్లగుంట_కుర్రాడు
సార్, నేను చేరిన రోజే బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని రాడ్డును పైకి నెట్టడం) 60 కిలోలు వేశాను. ఏమీ కాలేదు.

ఎస్వీయూ_గ్రౌండ్
రాడ్డు పైన ఎవరు పట్టుకున్నారు నాయనా?

కొర్లగుంట_కుర్రాడు
ఇద్దరు స్నేహితులు.

ఎస్వీయూ_గ్రౌండ్
అయితే ముగ్గురు కలిసి 60 కిలోలు ఎత్తారన్నమాట.

ఫిజియో_తిరుపతి
నేను ఫిజియోథెరపిస్టుని, ఇక్కడే పని చేస్తాను. మామ గారు కిలోలు లెక్కపెడుతున్నారు, సార్ నెలలు లెక్కపెడుతున్నారు. నేనైతే సెట్టు అయిపోయాక ఇంకా ఎన్నిసార్లు ఎత్తగల ఓపిక మిగిలిందో అడుగుతాను.

టీచర్ గారూ, 15 సార్లు ఎత్తి డంబెల్ కింద పెట్టారు. పళ్లు బిగించి ప్రయత్నిస్తే ఇంకో రెండు మూడు సార్లు మాత్రమే వచ్చేదా? అయితే అది 2 కిలోలైనా సరే, మీ కండరానికి అది నిజమైన బరువే. ఇంకో ఇరవై సార్లు హాయిగా వచ్చేదా? అయితే మీరు చేస్తున్నది వార్మప్. రోజూ వార్మప్ చేసి ఇంటికి వెళుతున్నారు.

తేలిక బరువు వృథా అనేవాళ్లకు ఒక సంగతి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. బరువులు ఎత్తే అలవాటు లేని 18 మంది యువకులు, 10 వారాలు, తొడ కండరానికి వ్యాయామం. ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో కొన్ని కాళ్లకు 30 శాతం, కొన్ని కాళ్లకు 80 శాతం పెట్టారు. ఏదైనా సరే ఇక లేవదు అనేదాకా ఎత్తించారు. మూడేసి సెట్లు చేసినప్పుడు కండ పెరగడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక్కసారిగా పెద్ద బరువు ఎత్తే శక్తి మాత్రం 80 శాతం పెట్టిన కాళ్లకే ఎక్కువ వచ్చింది. అంటే తేలిక బరువుతోనూ కండ వస్తుంది, కానీ దానికి ఓపిక దాదాపు హరించుకుపోయేదాకా చేయాలి. పెద్ద బరువు ఎత్తాలంటే ఎప్పుడో ఒకప్పుడు పెద్ద బరువు పట్టాల్సిందే.

ఇక ఆడవాళ్ల సంగతి. ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ విశ్వవిద్యాలయం వాళ్లు ముట్లుడిగి, ఎముకలు పలచబడ్డ 101 మంది స్త్రీలను రెండు వర్గాలు చేశారు. ఒక వర్గం వారానికి రెండు సార్లు, అరగంట చొప్పున నేల మీది బరువును ఎత్తి నిలబడే డెడ్‌లిఫ్ట్, బరువుతో కూర్చుని లేచే స్క్వాట్, బరువును తలపైకి నెట్టే ప్రెస్ చేసింది. గరిష్ఠంలో 85 శాతానికి పైగా బరువు, సెట్టుకు ఐదు సార్లు. రెండో వర్గం ఇంటి దగ్గర తేలిక వ్యాయామం చేసింది. 8 నెలల తర్వాత చూస్తే మొదటి వర్గానికి నడుము దగ్గర వెన్నులో ఎముక సాంద్రత పెరిగింది, రెండో వర్గానికి తగ్గింది. సార్‌కి నచ్చే మాట కూడా ఇందులోనే ఉంది: మొదటి నెల తేలిక బరువులతో కదలికలు నేర్పడానికే కేటాయించారు, ప్రతి తరగతిలోనూ నేర్పేవాళ్లు పక్కనే నిలబడ్డారు. మామ గారికి నచ్చే మాట: ఒక్క నెలే. మూడు కాదు.

నిండు గ్యాస్ సిలిండర్ సుమారు 30 కిలోలు. దాన్ని గుమ్మం నుంచి వంటింట్లోకి జరిపే మనిషి చేతికి 2 కిలోలు ఇచ్చి మూడు నెలలు ఆగమనడం జాగ్రత్త కాదు, చిన్నచూపు. అసలు మూడు నెలలే ఎందుకంటారు? చాలా జిమ్‌లలో ఫీజు ప్యాకేజీ మూడు నెలలు కనుక.

ఎస్వీయూ_గ్రౌండ్
ఫీజు మాట బాగుంది, నవ్వుకున్నాను. కానీ డాక్టరమ్మా, మీరు చెప్పిన "ఇక లేవదు అనేదాకా" అన్నది కొత్తవాళ్లకు ప్రమాదం కాదా? అలవాటు లేని ఒళ్లు, మొదటి రోజే వందల గుంజీళ్లు, మర్నాడు తొడలు వాచిపోవడం, మూత్రం నల్ల టీ రంగులో రావడం. కండరం చితికి అందులోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీల మీద పడతాయి. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకున్న పిల్లలను చూశాను. దానికి పెద్ద బరువు కూడా అక్కర్లేదు.

ఫిజియో_తిరుపతి
నిజమే, ఒప్పుకుంటున్నాను. అందుకే రెండు మూడు మిగిలేదాకా అన్నాను, సున్నా దాకా కాదు. మొదటి వారం నాలుగైదు మిగిల్చినా తప్పు లేదు, ఒక్కో వ్యాయామం ఒకటి రెండు సెట్లు చాలు. ఆ రంగు మూత్రం వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇది చదివే కుర్రాళ్లందరూ గుర్తుపెట్టుకోండి.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 1940లలో అమెరికా సైనిక ఆసుపత్రిలో థామస్ డెలోర్మ్ అనే వైద్యుడు గాయపడ్డ సైనికుల కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించాడు. తర్వాత స్థిరపడిన ఆయన పద్ధతి ఏమిటంటే, పది సార్లు మాత్రమే ఎత్తగలిగే బరువేదో కనుక్కోవడం. మొదటి సెట్టు అందులో సగంతో, రెండోది ముప్పావుతో, మూడోది పూర్తి బరువుతో. బలం పెరిగితే ఆ బరువును మళ్లీ కొలవడం. తేలికా బరువూ రెండూ ఒకే పూటలో ఉన్నాయి చూడండి.

తిరుచానూరు_రోడ్డు
మీరంతా పుస్తకాల్లో బరువులు పెంచుతున్నారు. మా జిమ్‌లో డంబెల్స్ 2, 5, తర్వాత నేరుగా 7.5, ఆ పైన 10. ఐదు నుంచి ఏడున్నరకు వెళ్లడమంటే ఒక్క దెబ్బకు సగం పెరగడం. భుజాల వ్యాయామానికి ఆ దూకుడు సాధ్యమా? రాడ్డుకు తగిలించే 1.25 కిలోల ప్లేట్లు రెండే ఉంటాయి, అవీ ఎవరి దగ్గరో. తేలిక బరువుల దగ్గర జనం ఆగిపోవడానికి భయం ఒక్కటే కారణం కాదు, సామాను లేకపోవడం కూడా.

ఫిజియో_తిరుపతి
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన అసలైన ప్రశ్న ఇదే. 5 కిలోలతో 8 సార్లు వస్తే, బరువు మార్చకుండా వారం వారం 10, 12, 15 దాకా తీసుకెళ్లండి. 15 సునాయాసంగా వచ్చినప్పుడు 7.5 పట్టండి. అప్పుడు మళ్లీ ఆరో ఏడో వస్తాయి, పరవాలేదు, అక్కడి నుంచి మళ్లీ ఎక్కండి. దించేటప్పుడు మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా దించినా అదే డంబెల్ బరువెక్కుతుంది. కాళ్లకు ఈ బాధ లేదు. 10 కిలోల డంబెల్‌ను నిలువుగా ఛాతీకి ఆనించుకుని కూర్చుని లేవవచ్చు.

బైరాగిపట్టెడ_64
ఒక్క మాట. బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా దేనికీ దిగవద్దు. ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకండి, లేచేటప్పుడు వదలండి. బిగపడితే ఆ క్షణంలో రక్తపోటు బాగా ఎగబాకుతుంది. నా వయసువాళ్లు ఈ చర్చ చదివి రేపే రాడ్డు కిందకు దూరతారేమోనని రాస్తున్నాను.

కొర్లగుంట_కుర్రాడు
ప్రోటీన్ పొడి ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఎస్వీయూ_గ్రౌండ్
ముందు రాగి సంగటి పక్కన గుడ్లు, పప్పు సరిగ్గా తిను. పొడి గురించి వేరే చర్చ పెట్టు.

మెట్లదారి_టీచర్
ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. ఫిజియో గారు చెప్పినట్టు ఈ రోజు 2 కిలోలతో ఆపకుండా ఎత్తి చూశాను. ముప్పై దాటినా చేతులు ఇంకా లేస్తూనే ఉన్నాయి. లెక్కల టీచర్ని కదా, దీనికి వేరే రుజువు అక్కర్లేదు. 10 కిలోల డంబెల్ ఛాతీకి ఆనించుకుని కూర్చుని లేస్తే మాత్రం పన్నెండుకే తొడలు వణికాయి.

ట్రైనర్‌కి చెబితే ఆయన అన్న మాట: "బరువులు పెంచితే ఆడవాళ్ల చేతులు మగవాళ్లలా అవుతాయి మేడమ్." దీనికేమంటారు?

ఫిజియో_తిరుపతి
కండను పెంచే టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ మగవాళ్లలో స్త్రీలలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఏళ్ల తరబడి సంకల్పించి కష్టపడే స్త్రీలకే అలాంటి చేతులు రావడం గగనం. మీకు పొరపాటున రావు, నిశ్చింతగా ఉండండి.

మండీ_మామ
చూశారా, పన్నెండుకే వణికాయంటే బరువు సరిపోయినట్టే. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే. ఇక రేపు రాడ్డు భుజాన వేయండి చెల్లెమ్మా.

ఎస్వీయూ_గ్రౌండ్
మీరు మొదటి నుంచీ చెప్పింది ఇది కాదు, పైకి వెళ్లి చదువుకోండి. మూడు నెలల గడువు విషయంలో నేను పట్టు సడలిస్తున్నాను. కానీ తొడలు వణికినప్పుడు వీపు ఎలా ఉందో ఎవరు చూశారు? మోకాళ్లు లోపలికి వాలాయా? మడమలు నేల విడిచాయా? ఈ మూడూ సరిగ్గా ఉండి, వరుసగా రెండు వారాలు అలాగే ఉంటే, అప్పుడు ఖాళీ రాడ్డు. ఉండకపోతే అదే 10 కిలోలు, నెలలు గడిచినా సరే.

మండీ_మామ
వీపు నిటారుగా ఉండేదాకా ఆగమంటే మా మండీలో ఒక్క లోడూ దిగదు సార్.

ఎస్వీయూ_గ్రౌండ్
ఆవిడ లోడు దించడానికి రాలేదు, కొండెక్కడానికి వచ్చారు.

మెట్లదారి_టీచర్
వీపు నాకే కనిపించదు కదా సార్, అద్దం ముందు నిలబడితే ముఖమే కనిపిస్తుంది.

ఎస్వీయూ_గ్రౌండ్
అద్దం వద్దు. ఫోనును నడుము ఎత్తులో ఒక బల్ల మీద, మీకు పక్కగా పెట్టి వీడియో తీయండి. మొదటి సారి కాదు, చివరి రెండు సార్లు చూడండి. అలిసినప్పుడే అసలు రూపం బయటపడుతుంది. ముఖం పడకుండా ఇక్కడ పెడితే ఫిజియో గారూ నేనూ చూసి చెబుతాం. మామ గారు కూడా చెబుతారు, కానీ ఆయన మాట వినకండి.